మడతపెట్టిన బట్టలు

సింకులో నీళ్లు మూడోసారి కూడా ఎర్రగానే పోయాయి.

"సబ్బుతో పోవట్లేదే. గిన్నెలు తోమే పౌడరు పట్రా," అన్నాడు వెల్డరు, వెనక్కి తిరగకుండానే.

టైలరమ్మ తెచ్చి ఇచ్చింది. పెళ్లయిన పదకొండేళ్లుగా అతను అడిగింది తెచ్చి ఇవ్వడమే అలవాటు కాబట్టి కాళ్లు వాటంతటవే నడిచాయి. కిటికీ కింద అంబులెన్సు కూత అప్పుడే దూరమైంది. అందులో కింది అంతస్తు బస్సు డ్రైవరు ఉన్నాడు. తల పగిలింది, స్పృహ లేదు.

అత్తగారు సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని అందుకుంది. "నేను అనుకుంటూనే ఉన్నా. పరాయి మగాడి గుడ్డలు ముట్టుకున్న రోజే ఈ ఇంటికి మూడిందనుకున్నా. నా మాట ఎవరు విన్నారు?"

"అమ్మా, కాసేపు నోరు మూసుకుంటావా?" అన్నాడు చిన్నోడు. వెల్డరు తమ్ముడు. మంచి నిద్రలోంచి లేచి వచ్చాడేమో, బనీనుతోనే ఉన్నాడు.

"నన్ను మూసుకోమంటావేరా? మూసుకోవాల్సినవాళ్లు మూసుకుని ఉంటే ఇవాళ ఇంత దాకా వచ్చేదా?"

ఆ బస్సాయన చేసిన నేరమల్లా బట్టలు మడతపెట్టడం. బతుకుతెరువుకి వచ్చిన పరాయి దేశంలో వాళ్లుండే ఆ భవనం నేలమాళిగలో అన్ని వాటాలకీ కలిపి రెండే ఉతికే మిషన్లు. గోడమీద కాగితం ఉంటుంది, ఎవరి గంట వాళ్లు రాసుకోవాలి. పోయిన నెల టైలరమ్మ గంట వచ్చేసరికి మిషన్లో బస్సాయన బట్టలు ఉండిపోయాయి. ఆ దేశంవాళ్లు ఎవరైనా అయితే వాటిని లాగి బల్లమీద కుప్ప పోసి తమ పని చూసుకునేవాళ్లు. టైలరమ్మ చేతులు అలా ఊరుకునే చేతులు కావు. వారమంతా కొట్లో పరాయివాళ్ల ప్యాంట్ల అంచులు కుట్టే మనిషికి ముడతపడ్డ గుడ్డ కనబడితే ప్రాణం ఆగదు. చొక్కాలు, తువ్వాళ్లు, లోపల తొడుక్కునేవి కూడా వదలకుండా మడిచి పేర్చి వచ్చేసింది.

ఆయన ఒంటరి మనిషి. ఎవరు చేశారో వాకబు చేసి తెలుసుకున్నాడు. కృతజ్ఞతలు చెప్దామంటే ఒకరి భాష ఒకరికి రాదు. అందుకని మరుసటి వారం ఆమె బట్టలు ఆయన మడతపెట్టాడు. ఆపై వారం ఆయనవి ఆమె. లిఫ్టులో రెండుసార్లు ఎదురుపడి తలలూపుకున్నారు. ఆ పరిచయమంతా అంతే.

ఎన్నడూ కిందికి దిగని వెల్డరు ఈ ఆదివారం పొద్దున్నే దిగాడు. కూతురు చిట్టి బట్టల క్లిప్పుల బుట్ట పట్టుకుని వెంట వెళ్లింది. లోపల బస్సాయన ఆమె జాకెట్టును గుండెకి ఆనించుకుని దాని చేతులు లోపలికి మడుస్తున్నాడు. జాకెట్టు మడిచేవాళ్లెవరైనా అలాగే ఆనించుకుంటారు. వెల్డరుకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? పుట్టి బుద్ధెరిగాక ఒక్క గుడ్డ మడిచిన పాపాన పోలేదు. బట్టలారేసే స్టాండుకున్న ఇనపకడ్డీ ఊడలాగి వెనకనుంచి కొట్టాడు. ఆయన పడిపోయాక కూడా కొట్టాడు.

పైకి వచ్చినప్పటినుంచి చిట్టి కుట్టుమిషన్ పక్కన నేలమీద కూర్చునే ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల. బుట్ట ఒళ్లోనే ఉంది.

వెల్డరు చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చాడు. నీలం చొక్కా ముందంతా చుక్కలు చుక్కలుగా ఉంది.

"నేను మెట్లెక్కుతుంటే గ్రౌండు ఫ్లోరు ముసలావిడ తలుపు తీసింది. వెనకనుంచి చూసింది. మొహం చూడలేదు. ఈ చొక్కా చూసింది," అన్నాడు. "కాబట్టి అందరూ సరిగ్గా వినండి. కొట్టింది నేను కాదు. చిన్నోడు."

చిన్నోడు నవ్వబోయాడు. అన్న మొహం చూసి ఆగిపోయాడు.

"నేనా?"

"నువ్వే. నేను జైలుకి పోతే ఈ దేశంలో ఉండనిచ్చే నా పర్మిట్టు పోతుంది. నా పర్మిట్టు మీదే మీ వదిన, చిట్టి, అమ్మ ఇక్కడున్నారు. నలుగురం పెట్టెలు సర్దుకుని విమానం ఎక్కాలి. నీ పర్మిట్టు నీది. నువ్వు పోతే నువ్వొక్కడివే."

"అన్నయ్యా, నేను గోడౌన్లో మొన్ననేగా లోడు బండి తోలడం నేర్చుకున్నా. పర్మినెంటు చేస్తానన్నారు..."

"పెళ్లాం ఉందా నీకు? పిల్లలున్నారా?"

"లేరు కాబట్టి జైలుకి పొమ్మంటావా?"

చెంప పేలిన చప్పుడుకి చిట్టి ఒళ్లోని బుట్ట కదిలింది. చిన్నోడు గోడకి తగిలి నిలబడ్డాడు. పెదవి చిట్లింది. చెయ్యి ఎత్తలేదు. ఎత్తితే అన్న కంటే పొడుగు, బలం ఉన్నవాడు. అయినా ఎత్తలేదు.

"నాన్న పోయాక నిన్ను పెంచిందెవడ్రా? ఇక్కడికి తెచ్చిందెవడు?"

పెంచిందెవరో చెప్పాలంటే చెప్పగల మనిషి వంటింటి గుమ్మంలో నిలబడే ఉంది. ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి చిన్నోడికి పన్నెండేళ్లు. అన్నం కలిపి పెట్టింది, పరీక్షలకి లేపింది, చలిజ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చుంది. కన్నతల్లి చిన్నకొడుకు తిన్నాడా లేదా అని ఏనాడూ అడిగి ఎరగదు, ఆవిడకి పెద్దవాడే లోకం.

"ఏవండీ," అంది టైలరమ్మ. "వాడికి ఇరవైమూడేళ్లండీ."

"అయితే నన్ను పొమ్మంటావా? ఆ మాట నీ నోటితో అను. వింటాను."

ఆమె అనలేకపోయింది. అతను పోతే చిట్టి బడి పోతుంది. ఈ రెండు గదులు పోతాయి. కొట్లో ఆమె పేరుతో ఉన్న మిషన్, ఆమె కుట్టిన అంచుని దీపం కింద పెట్టి చూసి బొటనవేలు ఎత్తే యజమానురాలు, అన్నీ పోతాయి. ఆ దేశంలో ఆమెని ఆమెగా చూసిన మనిషి ఆ యజమానురాలు ఒక్కతే. రెండో మనిషి ఉన్నాడంటే, ఆయన ఇప్పుడు అంబులెన్సులో ఉన్నాడు.

"అతను చచ్చిపోతే?" అన్నాడు చిన్నోడు.

 

"చావడులే. గట్టి తల," అన్నాడు వెల్డరు, ఎటో చూస్తూ. "చొక్కా తొడుక్కో."

అతను గుండీలు విప్పి చొక్కా తమ్ముడి మీదికి విసిరాడు. చిన్నోడు చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకుని, ఆఖరికి తొడుక్కున్నాడు. తడి ఇంకా ఆరలేదు. వెల్డరు ఒళ్లు పీపా, చిన్నోడిది వెదురుబద్ద. గుడ్డంతా సంచిలా వేలాడింది.

"చూసినవాడికి అన్న చొక్కా అని ఇట్టే తెలిసిపోతుంది," అంది అత్తగారు. ఇలాంటి విషయాల్లో ఆవిడ బుర్ర చురుగ్గా పనిచేస్తుంది. "అమ్మాయ్, మిషనుందిగా. అటో కుట్టు, ఇటో కుట్టు వేసెయ్యి. నీకెంతసేపు?"

టైలరమ్మ వినపడనట్టే ఉంది.

"నిన్నే," అన్నాడు వెల్డరు.

"నేను కుట్టను."

ఆ మాట అన్నది తనేనని ఆమెకి కూడా ఒక క్షణం తర్వాతగాని తెలియలేదు. అతనికి మాత్రం వెంటనే తెలిసింది. జడ పట్టుకుని రెండు చుట్లు చేతికి తిప్పుకుని హాలు అడ్డంగా నడిపించుకుంటూ వెళ్లి మిషన్ ముందు స్టూలు మీద కూలేశాడు. చిన్నోడు "అన్నయ్యా!" అని ముందుకొచ్చాడు. అత్తగారు వాడి చెయ్యి పట్టుకుని ఆపింది.

"మొగుడూ పెళ్లాల మధ్య నువ్వెందుకురా? వాళ్లకిది మామూలే."

"కుట్టు," అన్నాడు వెల్డరు. "పొద్దున్నుంచి ఇంట్లో జరిగిందానికంతటికీ కారణం ఎవరు? నువ్వు. వాడి చెడ్డీలు మడతపెట్టింది ఎవరు? నువ్వు. నువ్వు చక్కగా ఉంటే నా చెయ్యి లేచేదా? చెప్పు. లేచేదా?"

"లేచేది కాదు," అంది అత్తగారు, కోడలి బదులు.

చిట్టి మిషన్ పక్క నుంచి చూస్తోంది.

చిన్నోడు చొక్కా విప్పి వదిన ఒళ్లో పెట్టాడు. "కుట్టెయ్యి వదినా," అన్నాడు నెమ్మదిగా. "నిన్ను కొడుతుంటే చూడలేను. కుట్టెయ్యి."

ఆమె కుట్టింది. పక్కకుట్టు విప్పకుండా పైనుంచే రెండువైపులా రెండేసి అంగుళాలు లోపలికి తీసుకుంది. పెళ్లికి ముందు నేర్చుకున్న విద్య, ఇంతకాలం అన్నం పెట్టిన విద్య, ఇప్పుడు ఇలా పనికొచ్చింది. తడిగుడ్డ సూది కింద సరిగా జరగలేదు. "ఇంకెంతసేపు?" అంటూ వెల్డరు భుజం మీద ఒక్క తోపు తోశాడు. సూది ఆమె చూపుడువేలి గోట్లోంచి దిగి అడుగున గుడ్డని పట్టుకుంది. ఆమె అరవలేదు. చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పి, మిషన్ మీదున్న కత్తెరతో దారం తెంపి వేలు విడిపించుకుంది. బస్సాయన రక్తం మీద ఆమె రక్తం కూడా పడింది.

"నయమే, కలిసిపోయింది," అన్నాడు వెల్డరు.

ఈ మనిషి మీద కోపం రావాలంటే ఇంకేం జరగాలో నాకైతే తెలియదు. కానీ టైలరమ్మకి కోపం రాలేదు. ఆమెకి ఎప్పుడూ ముందు వచ్చేది ఒకే ఆలోచన. నన్ను ఏమైనా చెయ్యనీ, పిల్ల జోలికి మాత్రం పోడు. ఆ ఒక్కమాట పట్టుకునే ఎనిమిదేళ్లు ఈదుకొచ్చింది.

తర్వాత రిహార్సలు మొదలైంది. వెల్డరు కుర్చీ లాక్కుని పోలీసు వేషం కట్టాడు.

"చెప్పు. ఎందుకు కొట్టావ్?"

"మా వదిన బట్టలు ముట్టుకున్నాడని."

"అప్పుడు మీ అన్న ఎక్కడున్నాడు?"

"పడుకుని ఉన్నాడు."

"పాఠం అప్పజెప్పినట్టు చెప్పకు. కోపంగా చెప్పు. నువ్వేం చెప్తావే?"

"నేను వంటింట్లో ఉన్నాను," అంది టైలరమ్మ, వేలికి గుడ్డపేలిక చుట్టుకుంటూ.

"అమ్మా?"

"నాకేం తెలుసు బాబూ, నేను ధ్యానంలో ఉన్నాను," అంది అత్తగారు. జన్మలో అరనిమిషం ధ్యానం చేసిన మనిషి కాదు.

"చిట్టీ, నువ్వు?" అని అతను కూతురివైపు వంగాడు. "నువ్వు కిందికే రాలేదు. అంతే కదమ్మా?"

చిట్టి తలూపింది. ఆ ఊపిన తీరు టైలరమ్మ గమనించింది. పిల్ల మరీ తొందరగా ఊపింది.

గంట మోగింది.

ఇద్దరు వచ్చారు. ఒక పోలీసామె, వెనక కుర్ర పోలీసు. ఆమె బూట్లు విప్పాలా అన్నట్టు గుమ్మంలో ఒక క్షణం ఆగి, విప్పకుండానే లోపలికి వచ్చింది. ఫోను బల్లమీద పెట్టి మీట నొక్కింది. అందులోంచి తెలుగు వినబడింది. ఎవరో దుబాసీ, నడివయసు ఆడమనిషి గొంతు.

"నమస్కారమండీ. నేను తర్జుమా చెయ్యడానికే ఉన్నాను. మీరు చెప్పింది వాళ్లకి, వాళ్లు చెప్పింది మీకు చెప్తాను. అంతకుమించి నేనేం మాట్లాడకూడదు. కింద ఇవాళ ఒకాయన్ని కొట్టారు. ఆయన పరిస్థితి బాగా లేదు, తలకి ఆపరేషను చేస్తున్నారు. ఆ విషయం మీకేమైనా తెలుసా అని అడుగుతున్నారు."

"నేనే కొట్టాను," అన్నాడు చిన్నోడు.

రిహార్సలులో కంటే బాగా చెప్పాడు. పోలీసామె వాడి చొక్కా చూసింది, పెదవి చూసింది, చేతులు చూసింది. రెండు ప్రశ్నలు వేసింది. వాడు వదిన బట్టల సంగతి చెప్పాడు. కడ్డీ సంగతి చెప్పాడు. ఆమె కుర్ర పోలీసుకి సైగ చేసింది. అతను నడుము దగ్గర నుంచి బేడీలు తీశాడు.

చిన్నోడు రెండు చేతులూ ముందుకు చాపాడు. చిన్నప్పుడు అన్నం తిన్నాక చేతులు కడగమని వదిన ముందు అలాగే చాపేవాడు.

"వాడు కాదు," అంది టైలరమ్మ.

దుబాసీ ఆ మాట అవతలి భాషలో చెప్పింది. హాల్లో తలలన్నీ తిరిగాయి.

"ఆ చొక్కా వాడిది కాదు. మా ఆయనది. ఇందాక నేనే సైజు తగ్గించాను. కుట్టు చూడండి, పైపై కుట్టు. నా వేలికి సూది కూడా గుచ్చుకుంది. కొట్టింది మా ఆయన."

"పిచ్చిది! మందులు వాడుతోంది, నమ్మకండి," అన్నాడు వెల్డరు.

"అవునమ్మా, మా కోడలికి మతి సరిగా ఉండదు," అంది అత్తగారు, ధ్యానంలోంచి లేచి.

టైలరమ్మ చిన్నోడివైపు చూసింది. ఇక వాడు ఒక్కమాట అంటే చాలు.

"వదిన నన్ను కాపాడాలని అబద్ధం చెప్తోంది," అన్నాడు చిన్నోడు. కళ్లలో నీళ్లున్నాయి. "కొట్టింది నేనే. నన్ను తీసుకెళ్లండి."

వాడు అన్నకోసం అలా అనలేదు. పోలీసులు అన్నని వదిలేసి వెళ్తే ఈ మాటకి వదిన ఒళ్లు ఏమవుతుందో వాడికి తెలుసు. ఆమె చెప్పింది నిజం కాకుండా పోతే ఆ దెబ్బలు కాస్త తగ్గుతాయని వాడి లెక్క. పాపం, ఆ ఇంట్లో అందరివీ అలాంటి లెక్కలే.

పోలీసామె కాసేపు అందర్నీ చూసింది. తర్వాత మిషన్ దగ్గరికి వచ్చి నేలమీద గొంతుక్కూర్చుంది. చిట్టితో మాట్లాడింది. చిట్టికి ఆ భాష బడిలో పట్టుబడింది. కరెంటాఫీసులో, ఆసుపత్రిలో ఇంటిల్లిపాదికీ మాట సాయం ఆ పిల్లే.

"చిట్టీ, నీకేం తెలీదని చెప్పమ్మా," అన్నాడు వెల్డరు నవ్వుతూ.

కుర్ర పోలీసు అతని ముందుకు వచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

చిట్టి బుట్టలోంచి ఒక క్లిప్పు తీసి నొక్కుతూ వదులుతూ చాలాసేపు చెప్పింది. మధ్యలో ఒకసారి తల్లివైపు వేలు చూపించింది. దుబాసీ మొదలుపెట్టి, ఆగి, మళ్లీ మొదలుపెట్టింది.

"పాప చెప్తోందీ... తప్పు అమ్మదేనట. అమ్మ ఆయన బట్టలు మడతపెట్టిందట. అందుకని నాన్నకి కోపం వచ్చి ఆయన్ని కొట్టాడట. ఆయన కింద పడ్డాక కూడా కొట్టాడట. అమ్మ తప్పు చేస్తే నాన్నకి కోపం రావడం ఎప్పుడూ అంతేనట."

అత్తగారి నోరు మొదటిసారి మూతబడింది. వెల్డరు మొహం ఇటుకలా అయింది. టైలరమ్మకి ఆ చివరిమాటలే వినబడ్డాయి. పిల్ల ఎవర్నీ పట్టివ్వలేదు. ఆ ఇంట్లో రోజూ విన్న పాఠాన్ని తప్పు లేకుండా అప్పజెప్పింది, అంతే.

పోలీసామె ఇంకో ప్రశ్న వేసింది.

"ఎప్పుడూ అంటే, నాన్న ఎవర్ని కొడతాడు అని అడుగుతున్నారు," అంది దుబాసీ. గొంతు మారింది. ఆఫీసు గొంతు కాదది.

టైలరమ్మ తానే జవాబు చెప్పాలని నోరు తెరిచింది. నన్నేనండీ, నన్నొక్కదాన్నే, అనబోయింది. పదకొండేళ్లుగా దాచిన మాట అనడానికి ఇంత తేలికగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

అంతలో చిట్టి చెయ్యి ఎత్తింది, తరగతిలో తన పేరు పిలిచినప్పుడు ఎత్తినట్టు.

"అమ్మని," అంది ఈసారి తెలుగులోనే. "అమ్మ శనివారాలు కొట్టుకి వెళ్లినప్పుడు నన్ను."

దుబాసీ ఆ మాట వెంటనే అవతలి భాషలోకి మార్చలేకపోయింది.

"అబద్ధం!" అని వెల్డరు అరిచాడు. "చిన్నపిల్ల, దానికేం తెలుసు?"

టైలరమ్మ కూతురి వైపు చూసింది. కూతురు తల దించుకుని క్లిప్పులు ఏరుకుంటోంది. ఆమె అత్తగారి వైపు చూసింది. శనివారాలన్నీ ఇంట్లోనే ఉండే అత్తగారు కళ్లు తిప్పేసుకుంది. ఇక ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు.

మిషన్ ముందు స్టూలు మీంచి ఆమె లేచింది. నెమ్మదిగానే లేచింది. చిన్నోడు ముందుగా గమనించి "వదినా" అన్నాడు. పోలీసామె ఒక్క ఉదుటున పైకి లేచి గట్టిగా ఏదో అరిచింది, కుర్ర పోలీసు ఇటు తిరిగాడు, వెల్డరు రెండడుగులు వెనక్కి వేసి కిటికీకి ఆనుకున్నాడు. అతని కళ్లలో అలాంటి భయం ఆమె ఎన్నడూ చూడలేదు.

బల్లమీద ఫోను మాత్రం ఏమీ కనపడని గుడ్డిదానిలా తన పని తాను చేసుకుపోతోంది.

"కత్తెర కింద పెట్టమని చెప్తున్నారమ్మా. అమ్మా? వినపడుతోందా? కత్తెర కింద పెట్టమంటున్నారు."